పాత నాణేలకు నలుపు, పచ్చ చిలుము పట్టకుండా దాచడం ఎలా?

ఇంట్లో పాత నాణేలు పాడవడానికి చాలావరకు కారణం వాటిని దాచిన సరుకే. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్, రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు పొట్లం, ప్లైవుడ్ సొరుగు, పక్కనే ఒక కలరా ఉండ. ఇవన్నీ జాగ్రత్త పేరుతో వచ్చి చేరినవే. గాలినీ తేమనీ పూర్తిగా ఆపడం ఇళ్లలో కుదరదు గానీ, ఈ సరుకును మార్చేయడం ఒక ఆదివారం పని.

ముందుగా ఏ లోహానికి ఏది పడదో తెలియాలి. అన్నిటికీ ఒకే వైద్యం పనికిరాదు.

వెండికి పడనిది గంధకం. బ్రిటిష్ ఇండియా రూపాయిల్లో 1939 వరకు వెండి 91.7 శాతం, 1940 నుంచి 1945 వరకు 50 శాతమే. నిజాం చార్మినార్ రూపాయిల్లో చివరి సంవత్సరాలవి తప్పిస్తే 81.8 శాతం. 1969లో వచ్చిన గాంధీ శతజయంతి పది రూపాయల నాణెంలో 80 శాతం. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లేశమాత్రం ఉన్నా వెండి మీద సల్ఫైడ్ పొర కడుతుంది. మొదట పసుపు, తర్వాత గోధుమ, నీలం, చివరికి నలుపు. ఆ గంధకం రబ్బరు నుంచి, ఉన్ని నుంచి, నాసిరకం కాగితం నుంచి, మురుగు కాలువ నుంచి, ఉడికించిన గుడ్డు నుంచి కూడా వస్తుంది.

రాగి, కంచు నాణేలకు, అంటే కానీలు, అర్ధణాలు, 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానీలకు పడనివి తేమ, ఉప్పు, నూనె. అల్యూమినియం పైసలకు సున్నం, సబ్బు, ఉప్పు పడవు. సీసానికి పడనిది పులుపు ఆవిరి. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి. 1947 నికెల్ రూపాయి, కుప్రోనికెల్ నాణేలు, 1988 తర్వాతి స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు మొండివి. వాటి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

ముందు బయటికి తీసి చూడండి

టేబుల్ మీద మందపాటి టవల్ మడత పెట్టి పరవండి. చెయ్యి జారినా నాణెం దాని మీదే పడాలి. సబ్బుతో చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి, బొటనవేలు బొమ్మ మీద పడకూడదు. వేలి చెమటలో ఉప్పూ నూనే రెండూ ఉంటాయి. రాగి నాణెం మీద పడిన వేలిముద్ర కొన్నాళ్లకు శాశ్వతంగా అచ్చవుతుంది. గ్లోవ్స్ వేసుకుంటే పౌడరు లేని నైట్రైల్ రకం మంచిది. లేటెక్స్ వద్దు, అందులో గంధకం ఉంటుంది. నూలు గ్లోవ్స్‌తో నాణెం జారిపోతుంది. నాణెం మీదికి వంగి మాట్లాడకండి. ఉమ్మి తుంపర పడిన చోట రాగి మీద చిన్న నల్లచుక్క వస్తుంది, అది మళ్లీ పోదు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పక్క నుంచి పడే టేబుల్ లైటు, ఒక చెక్క టూత్‌పిక్ దగ్గర పెట్టుకోండి. మరక కనిపించిన చోట టూత్‌పిక్ మొనతో మెల్లగా, గీయకుండా తాకి చూడండి.

పచ్చగా ఉండి జిగటగా పక్కకు జారితే అది పీవీసీ ప్లాస్టిక్ నుంచి దిగిన జిడ్డు. దాన్ని కడగొచ్చు, ఆలస్యం చేయకూడదు. లేత పచ్చగా ఉండి పొడిలా రాలితే, కింద చిన్న గుంట కనిపిస్తే అది కంచు జబ్బు, అంటే రాగి, కంచులను లోపలికి తొలిచే తుప్పు. ఆ నాణేన్ని అప్పటికప్పుడు మిగతావాటి నుంచి వేరు చేయండి. ముదురు ఆకుపచ్చగానో గోధుమగానో నున్నగా, గట్టిగా ఉండి కదలకపోతే అది కాలంతో వచ్చిన పొర. అది లోహాన్ని కాపాడుతోంది, దాన్ని అలాగే వదిలేయండి. వెండి మీద సమంగా పరుచుకున్న పొడి నలుపు కూడా అంతే, నాణేల వ్యాపారులు దానికి పెద్దగా విలువ తగ్గించరు. తోమితే మాత్రం తగ్గిస్తారు.

పాత కవర్లను పరీక్షించడం

ఫుట్‌పాత్ మీదా, స్టేషనరీ షాపుల్లోనూ చవగ్గా దొరికే జేబుల ఆల్బమ్ షీట్లు ఎక్కువగా పీవీసీవే. మెత్తగా వేలాడతాయి, కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తాయి, వేసవిలో నాణేనికి అంటుకుంటాయి. పీవీసీ సహజంగా గట్టి సరుకు. మెత్తదనం కోసం అందులో కలిపిన నూనెలాంటి రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి కారుతుంది. ప్లాస్టిక్ పాతబడుతుంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా విడుదలవుతుంది. రాగి ఉన్న ఏ నాణేన్నైనా ఈ రెండూ కలిసి కొరుకుతాయి. వెండి రూపాయిలోనూ రాగి కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి.

అనుమానం తీరకపోతే రాగి తీగతో పరీక్ష ఉంది. ఆరుబయట చేయాలి, నాణేలూ, జిడ్డు కడగడానికి కింద చెప్పే ఎసిటోనూ దగ్గర్లో ఉండకూడదు. పైతొడుగు తీసిన రాగి తీగను కటింగ్ ప్లేయరుతో పట్టుకుని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చండి. మంటలో పచ్చరంగు పూర్తిగా పోయేదాకా ఉంచాలి. వేడి తీగను కవరు మూలకు అంటించి, తీగకు అంటుకున్న కాస్త ప్లాస్టిక్‌తో మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉంది, అంటే దాదాపుగా పీవీసీయే. పొగ పీల్చకండి. ఆ రకం షీట్లన్నీ చెత్తబుట్టకే. ఖాళీగా ఉన్నాయి కదా అని ఇంకో నాణేనికి వాడొద్దు.

పీవీసీ జిడ్డును ఎసిటోన్‌తో కడగడం

కావాల్సింది స్వచ్ఛమైన ఎసిటోన్. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో అరలీటరు సీసా తీసుకోండి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు. అందులో నీళ్లు, సెంటు, నూనె, రంగు కలుస్తాయి, అవన్నీ ఆరాక నాణెం మీదే మిగులుతాయి. రెండు చిన్న గాజు గిన్నెలు, ఒక గాజు మూత సిద్ధం చేసుకోండి. ప్లాస్టిక్ గిన్నె వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను ఎసిటోన్ కరిగించి నాణేనికి పూస్తుంది.

కిటికీలు తెరవండి. వంటగదిలో చేయొద్దు. పొయ్యి, దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏదీ అదే గదిలో ఉండకూడదు. ఎసిటోన్ ఆవిరి నేల మీదుగా పాకి దూరంలో ఉన్న నిప్పునైనా అందుకుంటుంది.

మొదటి గిన్నెలో నాణెం పూర్తిగా మునిగేలా పోసి, మూతపెట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఒక్కసారికి ఒక్క నాణెమే, ఒకదాని మీద ఒకటి రుద్దుకోకూడదు. తర్వాత నాణేన్ని తిప్పి, అవసరమైతే దూదిపుల్లను ఎసిటోన్‌లో ముంచి జిడ్డు ఉన్న చోట దొర్లించండి. రుద్దితే గీతలు పడతాయి. దూది పచ్చబడటం ఆగేదాకా కొత్త పుల్లలు మారుస్తూ ఉండాలి. ఆపైన రెండో గిన్నెలోని తాజా ఎసిటోన్‌లో ఒక నిమిషం ముంచి తీయండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో ముంపే. మొదటి గిన్నెలో కరిగిన జిడ్డు ఆరేటప్పుడు పలచగా నాణేనికే తిరిగి అంటుతుంది. నాణేన్ని అంచు మీద నిలబెట్టి గాలికి ఆరనిస్తే రెండు నిమిషాలు చాలు. తుడవకండి. వాడిన ఎసిటోన్ సింకులో పారబోయకుండా ఆరుబయట ఆవిరవ్వనివ్వండి.

ఎసిటోన్ జిడ్డునూ నూనెనూ తీస్తుంది. సల్ఫైడ్ నలుపునూ తుప్పునూ అది ముట్టుకోదు. అందుకే అది క్షేమం. జిడ్డు కింద లోహం అప్పటికే తినేసి ఉంటే ఆ గుంటలు కనిపిస్తాయి, వాటికి మందు లేదు.

ఇంటి చిట్కాలు ఎందుకు వద్దు

ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే, రాగి కానీకి కాదు. చింతపండు పులుపు పైపొరను కరిగించి గులాబీరంగు పచ్చి రాగిని బయటపెడుతుంది. అది మునుపటికంటే త్వరగా, మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. విభూతి, టూత్‌పేస్టు సన్నటి ఇసుక కాగితంలా పనిచేస్తాయి. విక్టోరియా రాణి చెంప మీద భూతద్దంలో కనిపించే వెంట్రుకవాసి గీతలన్నీ అలా పడ్డవే. అల్యూమినియం ఫాయిల్, వంట సోడా చిట్కా వెండి పళ్లేలకు సరే, నాణెం మెరుపును మాత్రం చదును చేసి పడేస్తుంది.

కొబ్బరినూనె రాసి దాచడం ఇంకో అలవాటు. నూనె పాతబడితే అందులోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి మైనంలా తయారవుతాయి. వాజలీను దుమ్మును పట్టి ఉంచుతుంది.

పూజ నాణేల మాట కూడా చెప్పుకోవాలి. వరలక్ష్మీ వ్రతానికో దీపావళికో వెండి రూపాయికి పసుపు కుంకుమ పెడతాం. మామూలు కుంకుమ పసుపులో సున్నం కలిపి చేసిందే. అక్షరాల సందుల్లో అది తడితో పాటు కూర్చుంటుంది. పూజకు ఒక నాణేన్ని కేటాయించి దాన్ని అక్కడే ఉంచేయండి. సేకరణలోని నాణేన్ని ఏటా తీసి కడిగి తిరిగి పెట్టే ఆనవాయితీ వద్దు.

ఏ కవరు, ఏ డబ్బీ

నమ్మదగిన ప్లాస్టిక్‌లు ఇవి: మైలార్ పేరుతో దొరికే పాలిస్టర్, పాలిథిలీన్, పాలిప్రొపిలీన్, గట్టి పాలిస్టైరీన్, యాక్రిలిక్. కొనేటప్పుడు కవరు మీద "పీవీసీ లేదు" అని రాసి ఉందా చూడండి, రాసి ఉన్నా వాసన చూడండి.

ఎక్కువ నాణేలు, తక్కువ ఖర్చు అనుకుంటే అట్ట హోల్డర్లు. రెండంగుళాల చదరం అట్టకు మధ్యలో మైలార్ కిటికీ ఉంటుంది. మడిచి మూడు వైపులా పిన్నులు కొట్టాలి. పిన్ను కొసలు పైకి లేచి ఉంటే పక్క హోల్డరులోని నాణేన్ని గీస్తాయి కాబట్టి ప్లేయరుతో నొక్కి చదును చేయండి. నాణెం తీయాల్సి వస్తే ముందు పిన్నులన్నీ ఊడదీయాలి. ఒక పిన్ను ఉంచి లాగారా, కొస బొమ్మ మీద గీత గీస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఈ పిన్నులు తుప్పు పడతాయి, అక్కడ గుండ్రటి యాక్రిలిక్ డబ్బీలు, అంటే క్యాప్సూల్సే మేలు. జిగురుతో అతుక్కునే రకం హోల్డర్లు ఎండాకాలంలో జిగురు వదులుతాయి, వద్దు.

విలువైన వాటికి గుండ్రటి యాక్రిలిక్ క్యాప్సూల్ తీసుకోండి. నాణేన్ని వెర్నియర్‌తో కొలిచి కొనాలి. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రూపాయిలు 30.5 మి.మీ. దగ్గర్లో ఉంటాయి కాబట్టి 31 మి.మీ. క్యాప్సూల్ సరిపోతుంది. అర్ధరూపాయికి 24, పావలా వెండి నాణేనికి 19, గాంధీ పది రూపాయలకు 34, ఇప్పటి రెండు లోహాల పది రూపాయలకు 27 మి.మీ. అరిగిన నాణెం, అంచు వంగిన నాణెం ఒక పిసరు అటూ ఇటూ ఉంటాయి. లోపల నల్ల ఫోమ్ రింగు ఉన్న క్యాప్సూల్ కంటే నేరుగా సరిపోయేది మంచిది. ఫోమ్ నాసిరకమైతే నాణెం అంచు చుట్టూ రంగు రింగు కడుతుంది. ఒక మాట, ఎయిర్‌టైట్ అని పెట్టె మీద ఉన్నా ఏ క్యాప్సూలూ గాలిని పూర్తిగా ఆపదు. వేగం తగ్గిస్తుంది, అంతే.

లామినేషన్, సెల్లోటేపు, ఫెవికాల్, గుడ్డ మూటలు, వెల్వెట్ పెట్టెలు, స్పాంజి: వీటిలో ఏదీ వాడొద్దు, దేనికీ మినహాయింపు లేదు. లామినేట్ చేసిన నాణేన్ని దెబ్బ తగలకుండా బయటికి తీయడం చాలా కష్టం.

పెట్టె లోపలి గాలి

హోల్డర్లు, క్యాప్సూల్స్ అన్నిటినీ రబ్బరు అంచు లేని మూతతో, నాలుగు వైపులా క్లిప్పులున్న పాలిప్రొపిలీన్ డబ్బాలో పెట్టండి. సిలికాన్ అంచు ఉన్నది సరే. 5 లీటర్ల డబ్బా లెక్క చూద్దాం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆ డబ్బాలోని గాలిలో నీరు 0.12 గ్రాములే. మరి తేమ ఎక్కడి నుంచి వస్తుంది? అట్ట హోల్డర్ల నుంచి, కాగితం చీటీల నుంచి, మీరు మూత తీసిన ప్రతిసారీ. కాగితం తన బరువులో కొంత శాతం నీటిని ఎప్పుడూ మోస్తూనే ఉంటుంది. అందుకే అట్ట హోల్డర్లతో నిండిన 5 లీటర్ల డబ్బాకు తేమ పీల్చే సిలికా జెల్ 100 గ్రాములు వేయండి. అన్నీ క్యాప్సూల్సే అయితే 50 గ్రాములు చాలు.

రంగు మారే నారింజ రకం జెల్ కొనండి, తేమ తాగాక ఆకుపచ్చగా మారుతుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో వద్దు. గింజలు విడిగా చల్లకుండా పొట్లంలోనే ఉంచండి, దాని దుమ్ము నాణేలను గీస్తుంది. రంగు మారాక గింజలను స్టీలు పళ్లెంలో పరిచి ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి, మూత ఉన్న స్టీలు డబ్బాలో చల్లారనిచ్చి మళ్లీ వాడొచ్చు. బియ్యం, ఉప్పు, సుద్దముక్కలు సిలికా జెల్‌కు బదులు కావు. బీరువాల కోసం అమ్మే, నీరు చేరే డబ్బా రకం తేమ మందు అసలే వద్దు. అందులో ఉండేది కాల్షియం క్లోరైడ్. ఆ నీరు ఒలికితే మీ రాగి నాణేలన్నిటికీ క్లోరైడ్ స్నానమే.

లోపల తేమను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి పెట్టండి. చవక మీటర్లు తప్పు చూపించడం మామూలే కాబట్టి ముందు సరిచూడాలి. సీసా మూతలో వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీటిచుక్కలు కలిపి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపాలి. 80 చూపిస్తే మీ మీటరు 5 ఎక్కువ చెబుతోందన్నమాట, ఆ అంకె దాని వెనక రాసి అంటించండి. ఈ పరీక్ష నాణేల పెట్టెకు దూరంగా చేయండి. పెట్టె లోపల తేమ 40 శాతం లోపు నిలబడాలి.

వెండి నాణేల పెట్టెలో మాత్రం సిలికా జెల్‌కు తోడు, నగల ప్యాకింగ్ షాపుల్లో దొరికే యాంటీ టార్నిష్ స్ట్రిప్ ఒకటి ఉంచండి. అది గంధకాన్ని ముందే పట్టేస్తుంది. నాణేలకు తగలకుండా మూతకు లోపలివైపు పెట్టి, ఆరు నెలలకోసారి మార్చండి.

ఇంట్లో ఎక్కడ

వంటగది, బాత్రూం గోడ, పూజగది, పై అంతస్తు శ్లాబు కింది అటక వద్దు. పడకగదిలో స్టీలు బీరువా మధ్య అర మంచి చోటు. అదే అరలో కలరా ఉండలు ఉంటే తీసేయండి. వాటి ఆవిరి పాలిస్టైరీన్ డబ్బీలను మెత్తబరుస్తుంది. కొత్తగా రంగు వేసిన బీరువాను వాసన పూర్తిగా పోయేదాకా తెరిచి ఆరబెట్టండి. దీపావళి వారమంతా పెట్టె తెరవకపోతే మంచిది, టపాసుల పొగలో గంధకం బాగా ఉంటుంది.

మంటలకు తట్టుకునే బరువైన సేఫ్‌లు నిప్పు నుంచి కాపాడతాయి గానీ వాటి గోడల్లోని సరుకు తేమ వదులుతుంది. అందులో పెట్టినా క్లిప్పుల డబ్బా, జెల్ ఉండాల్సిందే. బ్యాంకు లాకరులోనూ అంతే. ఏసీ గదిలోంచి పెట్టెను బయటికి తెచ్చిన వెంటనే తెరవకండి. చల్లటి నాణెం మీద గాలిలోని తేమ నీటిబిందువులై కూర్చుంటుంది. గంటసేపు మూతతోనే ఉంచి గది వేడికి రానివ్వండి.

సీసం, కంచు జబ్బు

శాతవాహనుల సీసపు నాణేలు ఉన్నవారు చెక్కను, అట్టను పూర్తిగా మానేయాలి. చెక్క నుంచి ఎసిటిక్ ఆమ్లం, ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తాయి. ఫార్మాల్డిహైడ్ ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. మూసిన సొరుగులో ఈ ఆవిర్లు నిలిచి సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తాయి. కొన్నేళ్లలోనే ఏనుగు బొమ్మ, ఉజ్జయిని గుర్తు పిండిలా రాలిపోతాయి. వీటికి పాలిప్రొపిలీన్ లేదా యాక్రిలిక్ డబ్బీ, బయట స్టీలు పెట్టె. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ దరిదాపుల్లో ఉండకూడదు. తెల్లపొడి విషం. ఊదకండి, ముట్టుకున్న చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. పొడి మొదలైన నాణేన్ని పురావస్తు సంరక్షకుల చేతిలో పెట్టాలి, ఇంట్లో చేసే వైద్యం లేదు.

కంచు జబ్బుకు మూలం నాణెం లోపల దాగిన క్లోరైడ్. తేమ, గాలి అందగానే పొడి కక్కుతుంది, లోపలికి తొలుచుకుపోతుంది. ఎసిటోన్‌లో ముంచి ఆరబెట్టి, విడిగా చిన్న డబ్బాలో, ఎక్కువ సిలికా జెల్‌తో 40 శాతం లోపు తేమలో ఉంచితే జబ్బు ఆగుతుంది, నయం కాదు. తేమ పెరిగితే తిరగబెడుతుంది. అందుకే ఆ డబ్బాకు సొంత మీటరు ఉండాలి.

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికా నుంచి వచ్చిన పిల్లల సూట్‌కేసులో పెట్టి పంపడం నేరం, ఎంత చక్కటి క్యాప్సూల్‌లో ఉన్నా.

ఎప్పుడెప్పుడు చూడాలి

కొత్తగా సర్దిన పెట్టెను నెలకు ఒకసారి చొప్పున మూడు నెలలు చూడండి. తర్వాత ఏడాదికి రెండుసార్లు చాలు: వానలకు ముందు మే నెలలో, వానలు వెలిశాక నవంబరులో. క్యాప్సూల్ తెరవకుండానే లైటు కింద రెండు వైపులా చూసి, ఫోన్‌తో ఒకే వెలుతురులో ఫొటో తీసి పాత ఫొటోతో పోల్చండి. ఒక్క నాణెం మీదే రంగు మారితే దాని డబ్బీ మార్చండి. పక్కపక్కన ఉన్న నాణేలన్నీ ఒకే వైపు నుంచి మారుతుంటే తప్పు పెట్టెలోనో అరలోనో ఉంది. నాణేలను ముట్టుకోకుండా పెట్టెను వేరే గదికి మార్చి, జెల్, స్ట్రిప్ కొత్తవి వేసి, నెల తర్వాత మళ్లీ చూడండి.